బొల్లారంలో పుట్టిన వేటగాడు – కెన్నెత్ ఆండర్సన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవిత చరిత్ర రాసి ఇవ్వమని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు ఒక వేటగాని గురించి రాయాలనిపించింది. దానికి కారణం మా మనవడు. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడూ, వాడి ఆఫీసు మిత్రులు పదిమందీ కలిసి నల్లమలలో మన్ననూరు దగ్గర సఫారీకి బయలుదేరుతూ, అడవికి వెళ్ళేవాళ్ళు ఏమేమి సిద్ధం చేసుకోవాలో చెప్పమని నన్ను అడిగాడు. నేను గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, వేటగాణ్ణి కాను. కాని అడవికి ఎలా సిద్ధం కావాలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఆచరించి, పుస్తకాలలో రాసి పెట్టిన ఒక మనిషి మన ఊళ్ళోనే పుట్టాడు. ఆయనే కెన్నెత్ ఆండర్సన్. వాడికి చెప్పిన సంగతులనే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

పుట్టుక, చదువు

ఆండర్సన్ 1910వ సంవత్సరం మార్చి 8వ తేదీన సికింద్రాబాద్ దగ్గరి బొల్లారంలో జన్మించారు. ఆరు తరాలుగా మన దేశంలో స్థిరపడిన స్కాట్లండు కుటుంబం వారిది. బొల్లారం ఆ రోజుల్లో సైనిక స్థావరం. ఇప్పుడు మనం రాష్ట్రపతి నిలయం అని చూడటానికి వెళ్ళే భవనం అప్పట్లో బ్రిటిష్ రెసిడెంటుగారి విడిది.

ఆయన తండ్రి సైనిక లెక్కల శాఖలో సూపరింటెండెంటు. సిపాయిల జీతభత్యాల బిల్లులు చూసే ఉద్యోగం. మన పే అండ్ అకౌంట్సు వాళ్ళ పని వంటిదే అనుకోవచ్చు. ఆ హోదాకు గౌరవ కెప్టెను పదవి ఉండేది. తండ్రి నీటి పక్షులను కొట్టడం తప్ప పెద్ద వేటలకు వెళ్ళిన మనిషి కాదు. కాని కొడుక్కి ఆరుబయట తిరగడం అలవాటు చేసినవాడు ఆయనే.

ఆ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో వేట అంటే పెద్ద ఆర్భాటం. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా పులివేటలో పేరు పొందినవారు. ఆండర్సన్ పుట్టడానికి ఎనిమిదేళ్ళ ముందు, 1902లో, వైస్రాయి కర్జన్ ప్రభువు వరంగల్ దగ్గరి నెక్కొండ అడవిలో పులిని చంపి, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆ ఫోటో తీసినది లాలా దీనదయాళ్ గారి స్టూడియో. అటువంటి వేటలకు ఏనుగులు, డేరాలు, వంటవాళ్ళు, డప్పులు కొట్టి పులిని తరిమే వందలాది కూలీలు ఉండేవారు. దొరగారు చేయవలసినదల్లా తుపాకి పేల్చడమే. ఆండర్సన్ ఆ తరహా వేటగాడు కాదు. ఈ తేడా తెలుసుకుంటే ఆయన చెప్పిన సంగతుల విలువ తెలుస్తుంది.

చదువు బెంగుళూరులో, బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను జరిగింది. ఆ తరువాత జీవితమంతా బెంగుళూరే ఆయనకు స్వస్థలమైంది.

మనవంటి ఉద్యోగి

ఆయన రాజూ కాదు, జమీందారూ కాదు, నెల జీతం మీద బతికిన ఉద్యోగి. మన పాఠకులకు ఈ సంగతి సంతోషం కలిగిస్తుందని అనుకుంటున్నాను. తపాలా తంతి శాఖలో పదిహేనేళ్ళు పనిచేశారు. తరువాత బెంగుళూరు విమాన కర్మాగారంలో, అంటే నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో, ప్లానింగ్ విభాగంలో ఫ్యాక్టరీ మేనేజరు హోదాకు ఎదిగారు. ఉత్తరాదిన పేరు పొందిన జిమ్ కార్బెట్ దొర కూడా రైల్వే ఉద్యోగియే. గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకులు దింపించే పని చూశాడు. నరభక్షకుల బారినుంచి పల్లెలను కాపాడిన ఈ ఇద్దరూ ఉద్యోగస్థులే కావడం విశేషం.

ఉద్యోగి కాబట్టి ఆండర్సన్‌కు సెలవు పెద్ద సమస్య. ఒక ఊళ్ళో పులి మనుషులను తింటున్నదని తంతి వస్తే, ఉన్న నాలుగు రోజుల సెలవులోనే పాత స్టూడిబేకర్ కారులో సామాను సర్దుకుని, రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లవారేసరికి ఊరు చేరి పని మొదలుపెట్టాలి. అక్కడికి వెళ్ళాక ఫలానా వస్తువు మరచిపోయాను అనడానికి వీలు లేదు. అందువల్లనే సిద్ధం కావడం అన్నది ఆయనకు ఒక క్రమశిక్షణ అయింది. ఆడిట్ పార్టీ వచ్చే ముందు మనం ఫైళ్ళు సర్దుకున్నంత శ్రద్ధగా ఆయన సంచి సర్దుకునేవారు.

తెలుగు అడవుల్లో

ఆయన వేటాడిన చోట్లు ఎక్కువగా మైసూరు, సేలం జిల్లాల్లోవి. అయినా మన తెలుగు నేలకు ఆయన పుస్తకాలలో పెద్ద చోటే ఉంది. చిత్తూరు జిల్లాలో భాకరాపేట, నాగపట్ల, రంగంపేట, చామల లోయ; రేణిగుంట దాటాక వచ్చే మామండూరు; నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలు దారిలో చలమ, దిగువమెట్ట – ఈ పేర్లన్నీ ఆయన కథల ద్వారా ఇంగ్లండులో చదువరులకు కూడా తెలిశాయి. ఆ రోజుల్లో అది మీటరుగేజి లైను. చిన్న స్టేషన్లు, చుట్టూ దట్టమైన అడవి. రాత్రిపూట సిగ్నల్ దీపం వెలిగించడానికి ప్రాణాలు అరచేత పెట్టుకుని వెళ్ళవలసిన రైల్వే నౌకర్ల భయం ఆయన కథల్లో మనకు కనబడుతుంది.

తెలుగు వాళ్ళు ఎక్కువగా ఉండే హోసూరు, డెంకణికోట ప్రాంతంలోనే ఆయన పేరు మొదట మారుమోగింది. జవళగిరి, గుమ్మళాపురం ఆ పక్కవే.

గుమ్మళాపురం చిరుత నలభై రెండుమందిని చంపింది. దాదాపు రెండువందల యాభై చదరపు మైళ్ళలో పొద్దు గూకితే ఎవరూ తలుపు తెరిచేవారు కాదు. ఆండర్సన్ అక్కడ ఎన్నో రాత్రులు కాపు వేసి విఫలుడయ్యారు. చివరి రాత్రి ఊరకుక్క ఒకటి వచ్చి ఆయన పక్కన చేరింది. ఆయనకు ఏమీ వినబడని సమయంలో ఆ కుక్క గుర్రుమన్నది. టార్చి వేసి చూస్తే చిరుత పాకుతూ మీదికి వస్తున్నది. కుక్క లేకపోతే ఆ రాత్రి ఆయన మిగిలేవారు కాదు. చచ్చిన చిరుత ముందరికాలును పరీక్షిస్తే ముళ్ళపంది ముళ్ళు రెండు విరిగి లోపల ఉండిపోయాయి. కుంటికాలుతో తన మామూలు ఆహారం పట్టుకోలేక అది మనుషుల మీద పడింది. ఆ కుక్కను ఆయన బెంగుళూరు తీసుకువెళ్ళి, నిప్పర్ అని పేరు పెట్టి పెంచుకున్నారు. చేసిన మేలు మరవకపోవడం మనుషుల్లోనే తక్కువైపోతున్న ఈ రోజుల్లో ఈ సంగతి పిల్లలకు చెప్పదగినది.

1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆయన చంపిన నరభక్షక చిరుతలు ఎనిమిది, పెద్దపులులు ఏడు. ఇంతకన్నా చాలా ఎక్కువే చంపారని చెప్పుకునేవారు ఉన్నారు. కథల్లో కొంత కలిపి రాశారని అనుమానించేవారూ ఉన్నారు. అడవిలో అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు జరిగినదానికి సాక్షి ఎవరు? నా మటుకు నాకు, సర్వీసు అంతా రికార్డు చూసి రాయడమే పని కాబట్టి, రికార్డులో ఉన్న సంఖ్యే చాలు.

ఆయన సిద్ధమయ్యే పద్ధతి

ఇక మా మనవడు అడిగిన సంగతికి వస్తాను. ఆండర్సన్ కథలన్నీ చదివితే ఆయన పద్ధతి ఒకటి కనబడుతుంది. దానిని నేను నాకు తోచిన వరుసలో పెడుతున్నాను.

మొదటిది, విచారణ. ఊరు చేరగానే తుపాకి తీసేవారు కాదు. ఫారెస్టు బంగ్లాలో దిగి గార్డులను, పశువుల కాపర్లను, బండివాళ్ళను, ఎరుక గలిగిన గిరిజనులను కూర్చోబెట్టుకుని మాట్లాడేవారు. చివరి మనిషిని ఎక్కడ పట్టింది, ఏ వేళప్పుడు, వచ్చిన దారి ఏది, పోయిన దారి ఏది, నీళ్ళు ఎక్కడ తాగుతుంది – ఇవన్నీ తెలుసుకుని మనసులో పటం గీసుకునేవారు. కన్నడం, తమిళం ధారాళంగా మాట్లాడగలగడం ఇందుకు ఎంతో ఉపయోగపడింది. పెన్నాగరం ప్రాంతపు రంగా, పూజారి తెగకు చెందిన బైరా ఆయనకు జీవితకాల మిత్రులు. బైరాను మొదట చూసినప్పుడు అతను చిన్నారు ఏటి ఒడ్డున తవ్వుకున్న బొరియలో పడుకుని ఉన్నాడు. ఒంటి మీద గోచీ తప్ప గుడ్డ లేదు. అటువంటి వాడి దగ్గర అడవి చదువు నేర్చుకున్నానని దొర ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

రెండవది, సామాను. ఆయన రైఫిలు పాయింట్ 405 వించెస్టర్, 1895 మోడలు. కొత్తవి ఎన్ని వచ్చినా చేతికి అలవాటైన దాన్ని వదలలేదు. దాని మీద టార్చిలైటు బిగించి ఉండేది. అది ఆరిపోతే ఇంకొకటి, దానికి వేరే బ్యాటరీలు. మంచె కట్టడానికి నవారు మంచం వంటిది వెంట తీసుకువెళ్ళేవారు. అప్పటికప్పుడు కొమ్మలు నరికి మంచె కడితే చప్పుడవుతుంది, మృగం కనిపెడుతుంది, పైగా కూర్చున్నవాడికి కొమ్మలు గుచ్చుకుని కదలక తప్పదు. నవారు మంచమైతే రాత్రంతా కిర్రు అనకుండా కూర్చోవచ్చు. ఫ్లాస్కులో టీ, కొన్ని బిస్కట్లు లేదా చపాతీలు, తాగే నీళ్ళు, ఒక కంబళి. అంతే. ఎక్కువ సామాను ఉంటే ఎక్కువ చప్పుడు.

మూడవది, బట్టలు, చెప్పులు. ఆకుల రంగులో, మట్టి రంగులో కలిసిపోయే బట్టలు కావాలి. తెల్లచొక్కా చీకట్లో కూడా కనబడుతుంది. రబ్బరు అడుగున్న మెత్తటి బూట్లు కావాలి. మేకులు కొట్టిన తోలు బూట్లు రాతి మీద పడితే ఫర్లాంగు దూరం వినబడతాయి.

నాలుగవది, ఏ జంతువు దేనితో మనల్ని పసిగడుతుందో తెలుసుకోవడం. పులికి వాసన పట్టే శక్తి తక్కువనీ, కన్ను, చెవి మాత్రం అద్భుతమైనవనీ ఆయన అభిప్రాయం. కాబట్టి పులి కోసం కూర్చున్నవాడు రాయిలా కదలకుండా ఉండాలి. ఏనుగు, దుప్పి అట్లా కాదు. వాటికి ముక్కే కన్ను. గాలి ఎటునుంచి ఎటు వీస్తున్నదో చూసుకోకుండా ఏనుగుల దగ్గరికి పోయేవాడు తెలివితక్కువవాడు.

ఐదవది, చెవి. అడవిలో చూపు కన్నా వినికిడి ముఖ్యం. కొండముచ్చు చెట్టు పైనుంచి ఖర్‌ఖర్‌మని అరిచినా, కణుజు బొంగురుగా అరిచినా, చుక్కల దుప్పి కీచుమన్నా పెద్దపులో చిరుతో కదులుతున్నదని అర్థం. అరుపు ఎటునుంచి ఎటు జరుగుతున్నదో వింటూ పోతే కంటికి కనబడకుండానే పులి నడక తెలిసిపోతుంది. అన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఆరవది, ఓపిక. పది రాత్రులు కూర్చుంటే తొమ్మిది రాత్రులు ఏమీ రాదు. దోమలు, చలి, వాన, కాళ్ళ తిమ్మిరి. దగ్గు వస్తే ఆ రాత్రి శ్రమ అంతా వృథా. ఆయన కథల్లో సగం విఫలమైన రాత్రుల కథలే. వాటిని దాచకుండా రాశారు. తనకు భయం వేసిందని కూడా దాచలేదు. భయం లేదని చెప్పేవాడిని అడవికి తీసుకుపోకూడదని నాకు ఆ కథలు చదివాక అనిపించింది.

నా అనుభవం ఒకటి

ఈ సందర్భంలో నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. 1985 ఎన్నికల్లో నల్లమల అంచున ఒక గూడెంలో నాకు పోలింగు డ్యూటీ పడింది. జీపు దారిలో చెడిపోయి, నలుగురం పెట్టెలు, సామాను మోసుకుంటూ చీకటి పడ్డాక నాలుగు కిలోమీటర్లు నడవవలసి వచ్చింది. మా దగ్గరున్నది ఒకే టార్చి. బయలుదేరేముందు సెల్సు చూసుకోలేదు. పావుగంటలో అది మిణుగురు పురుగులా అయిపోయింది. మాకు దారి చూపుతున్న చెంచు పెద్దాయన ఒకచోట చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. దూరంగా కొండముచ్చులు అరుస్తున్నాయి. మాకు అది కోతుల గోల. ఆయనకు అది వార్త. అరగంట సేపు అక్కడే నిలబెట్టి, అరుపులు కొండవైపు సాగిపోయాక నడిపించాడు. తెల్లవారి అదే దారిలో ఇసుక మీద పులి అడుగులు చూపించాడు. అప్పటికి నేను ఆండర్సన్ పేరు కూడా వినలేదు. తరువాత కొన్నేళ్ళకు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర ఆయన పుస్తకం దొరికి చదువుతుంటే, ఆ చెంచు పెద్దాయనే కళ్ళ ముందు నిలిచాడు. సెల్సు చూసుకోకపోవడం మా తప్పు. ఆ తప్పు మమ్మల్ని కాటు వెయ్యకుండా కాపాడింది ఆయన చెవి.

గాయపరచి వదిలిన పాపం

ఆండర్సన్ అన్నిటికన్నా ఎక్కువగా అసహ్యించుకున్నది సరిగా సిద్ధం కాకుండా, గురి కుదరకుండా కాల్చి, గాయపడిన మృగాన్ని వదిలేసి ఇంటికి పోవడం. జవళగిరి ఆడపులి కథ ఇందుకు సాక్ష్యం. దాని జంట పులిని ఎవరో చంపారు. అది జత కోసం అరుస్తూ రాత్రుళ్ళు తిరిగేది. అప్పటికి ఒక్క మనిషినీ ముట్టలేదు. ఒక కుర్ర వేటగాడు దాన్ని కాల్చాడు. గాయపడింది కాని చావలేదు. ఆ తరువాతే అది మనుషులను తినడం మొదలుపెట్టింది. ఎందరో పేదవాళ్ళు బలి అయ్యారు. చివరకు ఆండర్సన్ మగపులి అరుపును అనుకరించి పిలిచారు. ఇన్నాళ్ళకు తన జత వచ్చిందని ఆశతో పరుగెత్తుకొచ్చిన దాన్ని కాల్చి చంపారు. పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. కాని ఆయనకు గెలిచిన సంతోషం కలగలేదు. మోసం చేసి చంపానన్న బాధ మిగిలింది. ఆ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు చేసినవాడు ఒకడు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు వేరొకరు, మనసు పాడుచేసుకున్నవాడు ఇంకొకడు. ఆఫీసుల్లో కూడా మనం ఇటువంటివి చూశాం.

ఆయన నిర్దోషి అని నేను అనను. వేట గొప్పతనంగా చలామణి అయిన రోజుల్లో పెరిగిన మనిషి. మనిషికి హాని చెయ్యని మృగాలనూ వయసులో వేటాడారు. కాని వయసుతో మారారు. తుపాకి లేకుండా ఒంటరిగా అడవికి వెళ్ళి, చెట్టు కింద కూర్చుని, ఆ నిశ్శబ్దాన్ని అనుభవించి తిరిగి వచ్చేవారు. తుపాకి పట్టిన చేతితోనే కెమెరా పట్టారు. అడవులు తరిగిపోతున్నాయనీ, లైసెన్సు లేని వేట, విషం పెట్టడం పెరిగిపోయి పులులు మిగలవనీ దక్షిణ దేశంలో ముందుగా గొంతెత్తినవారిలో ఆయన ఒకరు.

ఎలుగుబంటి పిల్ల

మన సభ్యుల మనవళ్ళు, మనవరాళ్ళు చాలామందికి ఆండర్సన్ పేరు వేరే విధంగా తెలిసే ఉంటుంది. కేంద్ర సిలబస్‌లో తొమ్మిదవ తరగతి ఇంగ్లీషు వాచకంలో చాలా ఏళ్ళపాటు ఆయన కథ ఒకటి పాఠంగా ఉండేది. మైసూరు దగ్గర చెరుకు తోటల్లో అడవిపందులను తరుముతుండగా ఒక ఎలుగుబంటి బయటికి వచ్చింది. ఆయన కాల్చలేదు కాని, వెంట ఉన్నవాడొకడు ఊరికే కాల్చి చంపేశాడు. తల్లి వీపు మీద చిన్న పిల్ల ఉంది. దాన్ని పట్టుకుని తెచ్చి భార్యకు ఇచ్చారు. ఆమె దాన్ని బిడ్డలా పెంచింది. అది ఒకసారి ఎలుకల మందు తిని కాళ్ళు పడిపోతే, డాక్టరు ఇంజక్షన్లతో బతికింది. ఇంకొకసారి చెదలకని దాచిన పాత ఇంజను ఆయిలు గ్యాలను దాకా తాగేసింది. దానికి ఏమీ కాలేదు.

పెద్దదయ్యాక తప్పనిసరై మైసూరు జూకు పంపారు. అక్కడ అది తిండి మానేసింది. ఇక్కడ ఇల్లాలూ తిండి మానేసింది. మూడు నెలలు గడిచాక ఆమె చూడబోతే, దూరంనుంచే గుర్తుపట్టి తలకిందులుగా నిలబడి సంతోషించింది. ఆమె పట్టుబట్టి పై అధికారుల అనుమతి తెచ్చి దాన్ని ఇంటికి తీసుకువచ్చింది. ఇంటి ఆవరణలో దానికోసం చుట్టూ కందకం తవ్వించి చిన్న దీవి కట్టించారు. నరభక్షకులను వేటాడిన ఇంటిలో జరిగిన సంగతి ఇది. కన్నవాళ్ళను పట్టించుకోని ఇళ్ళు చూస్తున్న మనకు ఈ కథ విని కళ్ళు చెమర్చకుండా ఉండవు.

రచనలు, మరణం

మొదటి పుస్తకం నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్ 1954లో లండనులో వెలువడింది. అప్పటికి ఆయన వయసు నలభై నాలుగు. 1970 వరకు మరో ఆరు అడవి పుస్తకాలు వచ్చాయి. ఆఖరిది, జంగిల్స్ లాంగ్ ఎగో, ఆయన పోయాక 1976లో వచ్చింది. పులుల గురించే కాక రేచుకుక్కలు, హైనాలు, పాములు, కొండ జాతుల బతుకు, పల్లెల్లో రోడ్లూ ఆసుపత్రీ లేని కష్టం అన్నీ అందులో ఉన్నాయి. ఆ విధంగా అవి వేట కథలే కాక, ఒక కాలపు పల్లె చరిత్ర కూడా.

1970లో దేశంలో పులివేట నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్‌లో పులుల సంరక్షణ పథకం మొదలైంది. తాను కోరుకున్నది ప్రభుత్వం మొదలుపెట్టడం చూసి, 1974 ఆగస్టు 30న బెంగుళూరులో క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు అరవై నాలుగు. మనలో చాలామంది పెన్షను తీసుకుంటున్న వయసు కన్నా చిన్న వయసే. కొడుకు డొనాల్డ్ కూడా పేరుపొందిన వేటగాడే. ఆయన 2014లో మరణించారు.

నేటి సఫారీకి పనికివచ్చేవి

మా మనవడికి చివరకు చెప్పినవి ఇవి. తుపాకి తప్ప ఆండర్సన్ పద్ధతి అంతా నేటికీ పనికివస్తుంది.

హైదరాబాద్ నుంచి మన్ననూరు సుమారు నూటనలభై కిలోమీటర్లు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2014లో రాష్ట్రం విడిపోకముందు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో భాగం. దిగువమెట్ట వైపు నల్లమల కూడా ఆ కొండల వరుసే. జూలై నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలో సఫారీ మూసివేస్తారు. కనుక ముందుగా అటవీశాఖవారిని విచారించి, అనుమతి, వసతి చూసుకుని బయలుదేరాలి. వెంట వచ్చే గైడు చెంచు కుర్రవాడైతే వాడి మాటే శాసనం అనుకోవాలి. జీపు దిగవద్దంటే దిగకూడదు. ఎరుపు, తెలుపు, పసుపు బట్టలు వద్దు. సెంటు అసలే వద్దు. సెల్‌ఫోను మోత ఆపివేయాలి. నీళ్ళు, టార్చి, వేరే సెల్సు, చలికి ఒక శాలువా, కట్టు గుడ్డ, మందు. మన వయసువాళ్ళు వెళితే రక్తపోటు, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి, పెద్ద బ్యాగులో పెట్టి లాడ్జిలో వదలకూడదు. నడుము నొప్పి ఉన్నవారు జీపులో వెనక సీటు ఎక్కవద్దు. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా అడవిలో వదలవద్దు. పులి కనబడకపోతే డబ్బు దండగ అని గొడవ చేయవద్దు. ఆండర్సన్‌కే పది రాత్రుల్లో తొమ్మిది రాత్రులు కనబడలేదు. కొండముచ్చు అరుపు విన్నా, ఇసుకలో అడుగు చూసినా వెళ్ళిన ఫలం దక్కినట్టే.

మావాడు తిరిగి వచ్చాడు. పులి కనబడలేదట. కాని ఒక చోట గైడు జీపు ఆపించి, ఇంజను కట్టేయించి, పావుగంట పదకొండుమందినీ మాట్లాడకుండా కూర్చోబెట్టాడట. కణుజు అరుపు వినిపించిందట. ఉద్యోగంలో చేరాక అంతసేపు నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోలేదని వాడు చెప్పినప్పుడు, వాడికి అడవి కొంత అందిందని సంతోషించాను.

నేను కొండాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఉదయం బొటానికల్ గార్డెన్‌లో నడుస్తాను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు ఈ మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతమంతా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, కుందేళ్ళు, కౌజులు. ఉద్యోగాలు వచ్చాయి, మన పిల్లలు బాగుపడ్డారు. దాన్ని కాదనను. కాని 2025లో కంచ గచ్చిబౌలిలో నాలుగువందల ఎకరాల చెట్లు కొట్టడం మొదలైనప్పుడు, యూనివర్సిటీ పక్కన దుప్పులు, నెమళ్ళు దిక్కుతోచక తిరిగిన సంగతి మనమంతా చూశాం. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపితే ఆగింది. నల్లమల దాకా వెళ్ళే ఓపిక లేనివాళ్ళం మన వీధి చివర మిగిలిన చెట్టునైనా కాపాడుకోవచ్చు.

బొల్లారం వైపు వెళ్ళినప్పుడల్లా అక్కడ ఒక మనిషి పుట్టాడని గుర్తుచేసుకుంటాను. ఆయన పుట్టిన ఇల్లు ఏదో ఎవరూ చూపించలేరు, ఒక బోర్డు కూడా లేదు. మన పిల్లలు సఫారీకి బయలుదేరుతుంటే ఆయన కథ ఒకటి చెప్పి పంపిద్దాం. సెల్సు చూసుకున్నారో లేదో కూడా అడుగుదాం.